సింబల్ మోగని ఆల్బమ్: 1980లో పీటర్ గేబ్రియల్ ఏం మార్చాడు

క్లుప్తంగా: జెనెసిస్ బ్యాండ్ మాజీ గాయకుడు పీటర్ గేబ్రియల్ మూడో సోలో ఆల్బమ్ 1980లో వచ్చింది. అమెరికాలో అతని రికార్డు కంపెనీ దాన్ని తిరస్కరించింది, బ్రిటన్‌లో అదే ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. డ్రమ్ముల్లో సింబల్స్ (కర్రతో కొడితే ఝల్లుమని మోగే ఇత్తడి పళ్ళేలు) వాడకూడదన్న షరతుతో చేసిన రికార్డింగులో పుట్టిన ఒక శబ్దం 80ల పాప్ సంగీతమంతటా పాకింది. ఆల్బమ్‌లోని చివరి పాట, దక్షిణాఫ్రికా పోలీసు కస్టడీలో చనిపోయిన స్టీవ్ బికో పేరును లక్షల ఇళ్ళకు చేర్చింది. ఈ రెంటినీ విడివిడి కథలుగా చెప్పడం అలవాటైపోయింది కానీ రెండూ ఒకే పని పద్ధతిలోంచి వచ్చినవి.

2025 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా ప్రభుత్వం స్టీవ్ బికో మరణంపై న్యాయవిచారణను మళ్ళీ తెరిచింది. 1977 నాటి ఆ కేసు గురించి ఆఫ్రికా బయట చాలామందికి తెలిసింది పత్రికల ద్వారా కాదు, ఒక పాట ద్వారా. పాడింది ఇంగ్లండ్‌కు చెందిన తెల్లజాతి రాక్ గాయకుడు. అప్పటివరకు అతనికి ఉద్యమాలతో చెప్పుకోదగ్గ సంబంధం లేదు. వింత వేషాలు వేసుకుని స్టేజి మీద కట్టుకథలు పాడేవాడన్న పేరు మాత్రం ఉండేది. అలాంటివాడి నుంచి ఇలాంటి పాట ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ పాట ఒక్కటే వింటే సరిపోదు, అది ఉన్న ఆల్బమ్ మొత్తం చూడాలి.

నాలుగింటికీ ఒకే పేరు

ఆ ఆల్బమ్‌ను వెతకబోయిన వాళ్ళకు మొదట ఎదురయ్యే చిక్కు పేరుతోనే. 1977, 1978, 1980, 1982లో వచ్చిన నాలుగు సోలో ఆల్బమ్‌లకూ గేబ్రియల్ పెట్టిన పేరు 'పీటర్ గేబ్రియల్' అనే. పత్రిక సంచికల్లా వరసగా రావాలి తప్ప వేర్వేరు పేర్లు అక్కర్లేదన్నది అతని ఆలోచన. దుకాణాల్లో గందరగోళం తప్పలేదు. శ్రోతలు అట్ట మీది బొమ్మను బట్టి మొదటి మూడింటికీ కార్, స్క్రాచ్, మెల్ట్ అని ముద్దుపేర్లు పెట్టుకున్నారు. మూడోదాని అట్ట మీద గేబ్రియల్ ముఖం ఒక పక్క మైనంలా కరిగి కారుతుంటుంది. పోలరాయిడ్ ఇన్‌స్టంట్ ఫొటో తీసి, పైపూత ఇంకా ఆరకముందే దాన్ని నొక్కి, రుద్ది చేసిన బొమ్మ అది. హిప్నోసిస్ డిజైన్ సంస్థలో స్టార్మ్ థార్గర్సన్ బృందం పని.

గేబ్రియల్ 1950లో పుట్టాడు. చార్టర్‌హౌస్ అనే ఖరీదైన బోర్డింగ్ స్కూల్లో తోటి విద్యార్థులతో కలిసి 1967లో మొదలుపెట్టిన బ్యాండే జెనెసిస్. సుదీర్ఘమైన పాటలు, ఆల్బమ్ పొడుగునా సాగే కథలు, స్టేజి మీద నక్క తల, పూల కిరీటం లాంటి వేషాలు ఆ బ్యాండ్ గుర్తులు. 1975లో అతను బయటికొచ్చేశాడు. డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ గాయకుడి స్థానంలోకి వచ్చాడు.

సోలోగా చేసిన మొదటి రెండు ఆల్బమ్‌లు బ్రిటన్‌లో బాగానే అమ్ముడుపోయాయి. రెండూ మొదటి పదిలోకి వచ్చాయి. ఇబ్బంది ఎక్కడంటే, మొదటిదాంట్లో నిర్మాత బాబ్ ఎజ్రిన్ భారీ హంగులు, రెండోదాంట్లో నిర్మాత రాబర్ట్ ఫ్రిప్ పొడితనం వినిపిస్తాయి. గేబ్రియల్‌కంటూ సొంతమైన శబ్దం ఏదో తేలలేదు. మూడోదానికి అతను 24 ఏళ్ళ స్టీవ్ లిల్లీవైట్‌ను పిలిచాడు. పంక్ అనే మొరటు, వేగమైన రాక్ తర్వాతి తరం బ్యాండ్‌లతో పనిచేసి అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న నిర్మాత అతను. ఇంజనీర్ హ్యూ ప్యాడ్జమ్‌దీ అదే వయసు. జెనెసిస్ లాంటి బ్యాండ్‌ల పాత ప్రోగ్రెసివ్ రాక్‌ను పంక్ తరం తిట్టిపోస్తున్న రోజుల్లో ఆ రాక్‌కు చెందిన మనిషి ఆ తరం వాళ్ళనే పనిలోకి తెచ్చుకున్నాడు. గిటారు వాయించిన వాళ్ళలో ద జామ్ బ్యాండ్ పాల్ వెల్లర్, ఎక్స్‌టీసీ బ్యాండ్ డేవ్ గ్రెగరీ ఉండటం కూడా ఆ వరసలోదే.

సింబల్స్ వద్దన్న షరతు

రికార్డింగ్ 1979లో జరిగింది. కొంత బాత్ నగరం దగ్గర, కొంత లండన్ షెపర్డ్స్ బుష్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో. డ్రమ్మర్లకు గేబ్రియల్ పెట్టిన షరతు ఒకటే: ఆల్బమ్ మొత్తంలో సింబల్స్ ఉండకూడదు.

రాక్ డ్రమ్మర్‌కు ఇది చేయి కట్టేయడం లాంటిదే. పల్లవి రాగానే సింబల్ మీద ఒక దెబ్బ, వరస నడుస్తున్నంతసేపూ హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) చప్పుడు అతనికి ఊపిరంత అలవాటు. ఆ చప్పుడు పై స్వరాల చోటంతా ఆక్రమిస్తుంది. రేకుల కప్పు మీద వాన కురుస్తుంటే ఇంట్లో మాటలు వినపడనట్టు, సింబల్ మోగుతున్నంతసేపు మిగతా సన్నని శబ్దాలు మునిగిపోతాయి. ఆ చోటు ఖాళీ చేస్తే ఎలక్ట్రానిక్ శబ్దాలకూ, గొంతులోని చిన్న చిన్న వణుకులకూ జాగా దొరుకుతుందని గేబ్రియల్ లెక్క. దీనితో పాటు అలవాటు కూడా తెగుతుంది. పల్లవి వచ్చిందని చాటే సింబల్ లేకపోతే, పాట ఎక్కడ ఎత్తుకుంటుందో ఎక్కడ దిగుతుందో శ్రోత ముందే పసిగట్టలేడు.

తర్వాత జరిగినదాంట్లో కొంత యాదృచ్ఛికం. టౌన్‌హౌస్‌లోని రెండో స్టూడియోలో రాతి గోడల గది ఉంది, శబ్దం గట్టిగా తిరిగికొట్టే గది. అక్కడి ఎస్‌ఎస్‌ఎల్ కంపెనీ మిక్సింగ్ బల్లకు, అంటే మైకుల శబ్దాలను కలిపి సరిచేసే పరికరానికి, ఒక ప్రత్యేక సౌకర్యం ఉండేది. లోపల వాయించేవాళ్ళు కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్ళతో మాట్లాడటానికి గది కప్పు నుంచి ఒక మైకు వేలాడేది. గదిలో ఎవరు ఏ మూల నుంచి మాట్లాడినా సమానంగా వినపడాలని ఆ మైకుకు బలమైన కంప్రెసర్ తగిలించారు. చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని అణిచిపెట్టడం కంప్రెసర్ పని. పాత జెనెసిస్ సహచరుడికి సాయంగా వచ్చిన ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నప్పుడు ఆ మాటల మైకు తెరిచి ఉంది. కంట్రోల్ రూమ్ స్పీకర్లలోంచి వచ్చిన శబ్దానికి అక్కడున్నవాళ్ళు తుళ్ళిపడ్డారు. గది మొత్తం డ్రమ్ లోపలికి దూరినట్టు ఉంది.

ఆ మైకు మాటలకే గానీ రికార్డింగ్‌కు పనికొచ్చేది కాదు. ప్యాడ్జమ్ బల్ల వైరింగ్ మార్పించి ఆ శబ్దం టేపు మీదికి వచ్చేలా చేశాడు. దానికి నాయిస్ గేట్ కలిపారు. శబ్దం ఒక స్థాయి కిందికి పడిపోగానే దారి మూసేసే పరికరం అది. అలా ఒక కొత్త దెబ్బ తయారైంది. మొదలు కొండంత, చివర మాత్రం కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. మామూలు గదిలో ప్రతిధ్వని మెల్లగా సన్నబడుతూ పోతుంది. ఇక్కడ అది సగంలోనే తెగుతుంది. ప్రకృతిలో ఎక్కడా లేని శబ్దం కాబట్టే అది చెవికి వింతగా, కొంచెం భయంగా తోస్తుంది.

సింబల్స్ షరతుకూ దీనికీ ఉన్న లింకును చాలా వివరణలు వదిలేస్తాయి. సింబల్ ఒక్కసారి కొడితే చాలాసేపు మోగుతూనే ఉంటుంది. అంత బలమైన కంప్రెసర్ కింద ఆ మోత ఇంకా ఉబ్బి, గదిని నింపేస్తుంది, గేట్ మూసుకోనివ్వదు. సింబల్స్ లేవు కాబట్టే ఆ మాటల మైకు నుంచి వచ్చింది రొద కాకుండా వాడదగిన శబ్దం అయింది. అంటే అక్కడ యాదృచ్ఛికం పుట్టడానికి షరతు ముందే చోటు చేసిపెట్టింది.

దీన్ని కనిపెట్టిన ఘనత ఎవరిదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కాలిన్స్, ప్యాడ్జమ్, లిల్లీవైట్, గేబ్రియల్ నలుగురూ వేర్వేరు సందర్భాల్లో కొంచెం కొంచెం తేడాగా చెప్పారు. శబ్దం మాత్రం వాదన కోసం ఆగలేదు. కాలిన్స్ 1981లో సోలోగా విడుదల చేసిన 'ఇన్ ది ఎయిర్ టునైట్' దాన్ని ప్రపంచమంతా తిప్పింది. ఇంకొన్నేళ్ళకు అది డిజిటల్ యంత్రాల్లో ఒక రెడీమేడ్ సెట్టింగ్ అయి, రాతి గది లేని స్టూడియోకూ అందింది. ఇలా పాకే క్రమంలో దాని వెనకున్న షరతు జారిపోయింది. ఆ డ్రమ్‌ను తెచ్చుకున్నవాళ్ళు సింబల్స్‌ను కూడా మళ్ళీ తెచ్చుకున్నారు, దాంతో గేబ్రియల్ రికార్డులో బెదిరింపులా వినిపించిన దెబ్బ 80ల మధ్యకొచ్చేసరికి పార్టీ పాటల అలంకారమైంది.

లయ ముందు, రాగం తర్వాత

రాక్ పాట సాధారణంగా గిటారు మీదో పియానో మీదో పుడుతుంది, డ్రమ్స్ చివర్లో చేరతాయి. ఈ ఆల్బమ్‌కు గేబ్రియల్ దీన్ని తిప్పేశాడు. కీబోర్డు వాద్యకారుడు ల్యారీ ఫాస్ట్ సమకూర్చిన చిన్న ప్రోగ్రామబుల్ డ్రమ్ మెషిన్ మీద ముందు లయ కట్టుకుని, దాని మీద పాట రాయడం మొదలుపెట్టాడు. 'గేమ్స్ వితౌట్ ఫ్రాంటియర్స్', 'బికో' రెండింటికీ పునాది అదే. ఈ పద్ధతిలో స్వరాలు తరచూ మారవు. ఒకే లయ పట్టు వదలకుండా తిరుగుతుంటుంది, మీద గొంతు కదులుతుంది. జెనెసిస్ రోజుల్లో నిమిషానికోసారి మలుపు తిరిగిన పాటలతో పోలిస్తే ఇది పూర్తిగా ఎదురు దారి.

'నో సెల్ఫ్ కంట్రోల్'లో, 'లీడ్ ఎ నార్మల్ లైఫ్'లో వినిపించే మరింబా, అంటే చెక్క పలకల వాద్యం, అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ ప్రభావంతో వచ్చింది. ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని తిప్పి తిప్పి వాయిస్తూ అతి మెల్లగా మార్చడం రైక్ పద్ధతి. ఆస్ట్రేలియాలో కొత్తగా తయారైన ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాద్యాన్ని దాని రూపకర్తల్లో ఒకడైన పీటర్ వోగెల్ స్వయంగా గేబ్రియల్ ఇంటికి తెచ్చి చూపించాడు. బయటి శబ్దాన్ని రికార్డు చేసి మీటల మీద వాయించగల యంత్రం అది. గాజు పగలడం, ఇటుకలు విరగడం లాంటి చప్పుళ్ళు అలా ఆల్బమ్‌లో చేరాయి. ఇవాళ ఏ ఫోన్ యాప్‌లోనైనా దొరికే పని అప్పట్లో ఒక గది ఫర్నిచరంత యంత్రానికి గానీ చేతనయ్యేది కాదు.

ఇంట్లో దూరినవాడి నుంచి 619వ గది దాకా

రాజకీయ ఆల్బమ్ అనగానే చాలామంది నినాదాల కోసం చూస్తారు. ఇందులో పది పాటలున్నాయి, నేరుగా రాజకీయమని చెప్పదగ్గవి రెండు మూడే. మిగతావి మనుషుల గురించి, ఎక్కువగా చెదిరిన మనుషుల గురించి. మొదటి పాట 'ఇంట్రూడర్' రాత్రిపూట పరాయి ఇంట్లో దూరేవాడి నోటి నుంచి వస్తుంది. ఇంట్లో పడుకున్నవాళ్ళ భయం వాడికి ఆనందం. కాలిన్స్ వాయించిన ఆ కొత్త డ్రమ్ దెబ్బ మొట్టమొదట వినపడేది ఇక్కడే. పాట మొదలయ్యేదీ దానితోనే, మలుపులూ విరామాలూ లేకుండా పాటంతా అదే వరస.

'ఫ్యామిలీ స్నాప్‌షాట్' హంతకుడి పాట. 1972లో అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్‌పై కాల్పులు జరిపిన ఆర్థర్ బ్రెమర్ రాసుకున్న డైరీ దీనికి మూలం. కాన్వాయ్ దృశ్యంలో కెనెడీ హత్య ఛాయలు కూడా ఉన్నాయి. పాట నెమ్మదిగా మొదలై, వేగం పెరిగి, తుపాకీ పేలే చోట ఆగి, ఎవరూ పట్టించుకోని ఒక పిల్లవాడి దగ్గర తేలుతుంది. ఇందులో హంతకుడిని సమర్థించడం కనపడదు. ప్రసిద్ధి కోసం చేసే హింస ఎలా తయారవుతుందో దశల వారీగా చూపించడం కనపడుతుంది.

రికార్డు రెండో పక్కకొచ్చేసరికి గేబ్రియల్ వ్యక్తి నుంచి గుంపు వైపు జరుగుతాడు. 'నాట్ వన్ ఆఫ్ అస్' పరాయివాణ్ణి వెలివేసే గుంపు మాట. 'గేమ్స్ వితౌట్ ఫ్రాంటియర్స్'కు ఆధారం యూరప్ దేశాల మధ్య టీవీలో నడిచిన ఒక తమాషా పోటీ. ఊళ్ళ తరఫున జట్లు విచిత్రమైన వేషాలతో పరుగులు తీసి పడిపోతూ లేస్తూ ఆడేవి. పేరుకు సరిహద్దుల్లేని ఆట, ఎగిరేవన్నీ జెండాలే. గేబ్రియల్ దాన్ని పిల్లల ఆటగా, యుద్ధంగా ఒకేసారి చూపించాడు. కేట్ బుష్ వెనక నుంచి ఆ పోటీ ఫ్రెంచి పేరును పాడుతుంటుంది. ఈ సింగిల్ 1980 ఫిబ్రవరిలో బయటికొచ్చేనాటికి సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో ఉంది, మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించాలన్న గొడవ నడుస్తోంది. పాట అంతకు ముందే రాసింది. అయినా ఆ వారం పత్రిక చదివి రాసినట్టే వినిపించింది. బ్రిటన్‌లో 4వ స్థానానికి చేరింది.

పాటల వరస గమనిస్తే ఒక తేడా తెలుస్తుంది. మొదటి పాటలో తలుపు తీసుకుని లోపలికొచ్చేవాడు ఒంటరి మనిషి. చివరి పాటలో ఆ పని ప్రభుత్వానిది. మొదట్లో హింస చేసేవాడికే గొంతు ఇచ్చిన గేబ్రియల్, చివరికొచ్చేసరికి పోలీసులకు గొంతు ఇవ్వలేదు. వాళ్ళ మనసులోకి తొంగి చూడలేదు. తొమ్మిది పాటలు మనిషి లోపలి చీకటిని తవ్విన ఆల్బమ్ పదోదాంట్లో ఆ ఉపాయాన్ని పక్కన పెట్టి బయట నిలబడి సాక్ష్యం చెబుతుంది. ఆల్బమ్‌కు రాజకీయ బలం ఇచ్చింది అన్నిటికంటే ఎక్కువగా ఈ మార్పే.

బికో: కేసు, పాట

స్టీవ్ బికో 1946లో పుట్టాడు. మెడిసిన్ చదువుతూ 1968లో నల్లజాతి విద్యార్థుల సంఘం సాసో స్థాపనలో ముందున్నాడు. తెల్లవాళ్ళ దయ మీద ఆధారపడని ఆత్మగౌరవం ముందు కావాలన్న బ్లాక్ కాన్షియస్‌నెస్ ఉద్యమానికి ప్రధాన గొంతు అయ్యాడు. 1973లో ప్రభుత్వం అతనిపై ఆంక్షలు విధించింది. కింగ్ విలియమ్స్ టౌన్ దాటి పోకూడదు, సభల్లో మాట్లాడకూడదు, అతని మాటలు ఎవరూ అచ్చు వేయకూడదు. 1976లో సొవెటో విద్యార్థుల తిరుగుబాటు తర్వాత అణచివేత ఇంకా పెరిగింది.

1977 ఆగస్టు 18న రోడ్డు మీద ఆపి అరెస్టు చేశారు. పోర్ట్ ఎలిజబెత్‌లో బట్టలు లేకుండా, గొలుసులతో బంధించి ఉంచారు. సెక్యూరిటీ పోలీసుల కార్యాలయంలోని 619వ నంబరు గదిలో విచారించారు. అక్కడ తలకు తీవ్ర గాయమైంది. ఆ స్థితిలోనే ల్యాండ్ రోవర్ వెనక పడుకోబెట్టి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని ప్రిటోరియాకు తరలించారు. సెప్టెంబరు 12న చనిపోయాడు. వయసు 30. నిరాహార దీక్ష వల్ల మరణమని చెప్పే ప్రయత్నం మొదట జరిగింది. ఆ మరణం తనను కదిలించలేదని న్యాయశాఖ మంత్రి జిమ్మీ క్రూగర్ బహిరంగంగా అన్నాడు. అదే ఏడాది జరిగిన న్యాయవిచారణ ఎవరినీ బాధ్యుల్ని చేయలేదు. ఆ నవంబరులోనే ఐక్యరాజ్యసమితి భద్రతామండలి దక్షిణాఫ్రికాకు ఆయుధాల అమ్మకాలపై తప్పనిసరి నిషేధం విధించింది.

ఏడు నిమిషాలు దాటే ఆ పాట ఆరంభంలోనూ ముగింపులోనూ బికో అంత్యక్రియల్లో జనం పాడిన పాటల రికార్డింగులు ఉంటాయి. మధ్యలో మాటలు తక్కువ. నెల, సంవత్సరం, ఊరు, వాతావరణం, గది నంబరు చెబుతూ పోలీసు నివేదికలా మొదలవుతుంది. ఆవేశం లేదు, విశేషణాలు లేవు. అమరుల మీద కట్టిన పాటలు విన్న తెలుగువాళ్ళకు ఈ పొడితనం కొత్తగా ఉంటుంది. మన దగ్గర అలాంటి పాట చనిపోయినవాడిని పిలుస్తూ, పొగుడుతూ సాగుతుంది. ఇక్కడ వివరాలు చెప్పేసి, పేరు మాత్రం పదేపదే పలుకుతారు. ప్రభుత్వం అచ్చులో రాకుండా ఆపిన మనిషి పేరును పల్లవి చేయడమే ఈ పాట ఎత్తుగడ.

సంగీతంలో ఒక చిత్రం ఉంది. ఆఫ్రికా పాటగా గుర్తుండిపోయిన ఈ పాటలో పునాది దెబ్బ వేసింది బ్రెజిల్ వాళ్ళ సుర్డో అనే పెద్ద డోలు. మధ్యలో ఏడ్పులా సాగే శబ్దం స్కాట్లాండ్ బ్యాగ్‌పైప్‌ది, అదీ ల్యారీ ఫాస్ట్ సింథసైజర్ మీద పుట్టించినది. అసలైన ఆఫ్రికా గొంతులు రెండు చివర్లలో ఉన్న అంత్యక్రియల జనానివే. దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. ఆఫ్రికాను అనుకరించే బదులు తనకు తెలిసిన శోక శబ్దాలు వాడుకున్నాడు కాబట్టి నిజాయితీ అనవచ్చు. ఆఫ్రికా సంగీతకారులు ఒక్కరూ లేకుండా ఆఫ్రికా విషాదాన్ని పాడాడని తప్పు పట్టవచ్చు. ఇలాంటి పాట పాడే అర్హత తనకుందా అన్న సందేహం గేబ్రియల్‌కే ఉండేదని తర్వాతి ఇంటర్వ్యూల్లో చెప్పాడు. రెండో విమర్శలో బలం ఉందని అతని తర్వాతి పనులు చూస్తే అనిపిస్తుంది.

కంపెనీ వద్దన్న రికార్డు

అమెరికాలో అతని రికార్డులు విడుదల చేసేది అట్లాంటిక్ సంస్థ. పూర్తయిన టేపులు విని ఇది వ్యాపారపరంగా ఆత్మహత్య అని తేల్చి, విడుదలకు ఒప్పుకోలేదు. సంస్థ అధినేత ఆహ్మెట్ ఎర్టెగన్ 'లీడ్ ఎ నార్మల్ లైఫ్' విని, గేబ్రియల్ మానసిక ఆసుపత్రిలో గడిపి వచ్చాడా అని ఆరా తీశాడని, దక్షిణాఫ్రికా మనిషి గొడవ అమెరికన్లకు ఎందుకు పడుతుందని సందేహించాడని గేబ్రియల్ తర్వాత చెప్పుకొచ్చాడు. ఎర్టెగన్ తెలియని మనిషేమీ కాదు. నల్లజాతి అమెరికన్ సంగీతాన్ని దశాబ్దాల పాటు జనంలోకి తెచ్చిన సంస్థ ఆయనది. అయినా పొరపడ్డారు. దీన్ని చెవిటితనం అని తీసిపారేయడం తేలిక. అప్పటి అమెరికన్ ఎఫ్‌ఎం రేడియో ఎలా పనిచేసేదో చూస్తే వాళ్ళ లెక్క అర్థమవుతుంది. నున్నగా తోమిన గిటార్లు, సులువుగా పట్టుబడే పల్లవులు కోరుకునే స్టేషన్లకు సింబల్ లేని, దొంగతో మొదలై అంత్యక్రియలతో ముగిసే రికార్డును ఎలా అమ్మాలో అమ్మకాల విభాగానికి దారి కనిపించలేదు.

1980 మేలో ఛరిజ్మా సంస్థ బ్రిటన్‌లో విడుదల చేసింది. ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్ళింది. గేబ్రియల్‌కు బ్రిటన్‌లో అదే తొలి నంబర్ వన్. అతను వదిలేసిన జెనెసిస్‌కు కూడా తొలి నంబర్ వన్ ఆల్బమ్ ఆ వసంతంలోనే, కొన్ని వారాల ముందే దక్కింది! 'గేమ్స్ వితౌట్ ఫ్రాంటియర్స్' హిట్ కావడం చూసి అట్లాంటిక్ ఆల్బమ్‌ను వెనక్కి తీసుకోవాలని చూసింది, గేబ్రియల్ ఇవ్వలేదు. మెర్క్యురీ సంస్థ ద్వారా అమెరికాలో విడుదలై 22వ స్థానం దాకా వెళ్ళింది. తర్వాత అతను గెఫెన్ సంస్థకు మారాడు. 1980లోనే ఆల్బమ్ మొత్తాన్ని జర్మన్ భాషలో మళ్ళీ పాడి విడుదల చేశాడు. అమ్మకాల దృష్టితో చూస్తే ఇదీ లెక్కకు అందని పనే.

పాట వెళ్ళిన దారి

'బికో' సింగిల్ అమ్మకాల్లో పెద్ద హిట్ కాదు, బ్రిటన్‌లో 38వ స్థానం దగ్గరే ఆగింది. దక్షిణాఫ్రికాలో నిషేధించారు. ప్రభావం అమ్మకాల ద్వారా కాక సంగీతకారుల ద్వారా పాకింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్యాండ్ గిటారిస్టు స్టీవెన్ వాన్ జాంట్ ఈ పాట విన్న తర్వాతే దక్షిణాఫ్రికా గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాడు. అక్కడి సన్ సిటీ రిసార్ట్‌లో కచేరీలు చేయబోమంటూ 1985లో పదుల మంది కళాకారులతో అతను చేయించిన రికార్డు సాంస్కృతిక బహిష్కరణకు పెద్ద ఊపు ఇచ్చింది. 1984లో ద స్పెషల్ ఏకేఏ బృందం మండేలా విడుదల కోరుతూ చేసిన పాట దారి వేరు. అది డ్యాన్స్ చేయించే పాట, చార్టుల్లో పైకి ఎక్కింది. పాల్ సైమన్ జోహన్నెస్‌బర్గ్ వెళ్ళి అక్కడి వాద్యకారులతో చేసి 1986లో విడుదల చేసిన 'గ్రేస్‌ల్యాండ్' ఇంకో దారి. ఆఫ్రికా సంగీతకారులకు చోటిచ్చింది, బహిష్కరణను పట్టించుకోలేదన్న విమర్శ మూటగట్టుకుంది. గేబ్రియల్ పాటలో రాజకీయం స్పష్టం, ఆఫ్రికా వాద్యకారులు లేరు. సైమన్ రికార్డులో వాద్యకారులున్నారు, రాజకీయం లేదు. ఈ రెండు లోపాలూ పక్కపక్కన పెట్టి చూడదగినవి.

గేబ్రియల్ తనవైపు లోపాన్ని పూడ్చుకునే పనిలో పడినట్టే 1982లో వోమాడ్ పేరుతో ప్రపంచ సంగీత ఉత్సవం ప్రారంభమైంది. మొదటి ఏడాదే అప్పుల్లో మునిగింది. ఆ అప్పు తీర్చడానికి పాత జెనెసిస్ మిత్రులు అతనితో కలిసి ఒక కచేరీ చేసిపెట్టారు. 1989లో రియల్ వరల్డ్ రికార్డు సంస్థ వచ్చింది. పాకిస్తాన్ కవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ను పాశ్చాత్య శ్రోతలకు దగ్గర చేసిన సంస్థల్లో ఇది ముఖ్యమైనది. మన పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ ఆల్బమ్‌లు కూడా ఇక్కడి నుంచే బయటికొచ్చాయి. కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఆయన చేసిన 'డ్రీమ్' 1995లో వెలువడింది. 'బికో'లో బయటి గొంతులు టేపు ముక్కలుగా రెండు చివర్లలోనే ఉన్నాయి. రియల్ వరల్డ్‌లో ఆ గొంతులకు సొంత పేరుతో సొంత రికార్డు దక్కింది.

పాట మాత్రం కచేరీల్లో చివరి అంశంగా స్థిరపడింది. 1988 జూన్‌లో మండేలా 70వ పుట్టినరోజు సందర్భంగా లండన్ వెంబ్లీ స్టేడియంలో గేబ్రియల్ పాడాడు. అదే ఏడాది ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ చేపట్టిన ప్రపంచ మానవహక్కుల కచేరీ యాత్రలో స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, ట్రేసీ చాప్‌మన్, యుసు ఎన్‌దూర్‌లతో పాటు తిరిగాడు. ఆ యాత్ర సెప్టెంబరు 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి కూడా వచ్చింది. బాధితుల చేతికి వీడియో కెమెరాలు ఇచ్చి హక్కుల ఉల్లంఘనలను చిత్రీకరింపజేసే విట్‌నెస్ సంస్థను గేబ్రియల్ 1992లో మరికొందరితో కలిసి స్థాపించాడు. ప్రపంచం చూస్తోందని 'బికో' చివర్లో చేసిన హెచ్చరికకు అది ఆచరణ రూపం.

కేసు సంగతికొస్తే, వర్ణవివక్ష పాలన పోయాక ఏర్పడిన సత్య, సయోధ్య కమిషన్ ముందు మాజీ పోలీసులు క్షమాభిక్ష కోరారు. 1999లో తిరస్కరించారు. నిజం పూర్తిగా చెప్పలేదన్నది ఒక ప్రధాన కారణం. 2003లో ప్రాసిక్యూషన్ అధికారులు తగిన సాక్ష్యాలు లేవంటూ కేసు పెట్టలేదు. 2025 సెప్టెంబరు 12న, బికో చనిపోయి సరిగ్గా 48 ఏళ్ళు నిండిన రోజున, విచారణను పోర్ట్ ఎలిజబెత్ (ఇప్పటి పేరు గెబెర్హా) కోర్టులో మళ్ళీ తెరిచారు. 1977 నాటి తీర్పు ఎవరి తప్పూ లేదని ముగించింది కాబట్టి, ఆ మరణానికి ఎవరు బాధ్యులో చెప్పే తీర్పు కోర్టు రికార్డుల్లోకి ఎక్కాలంటే ఇలా మళ్ళీ తెరవడం తప్పనిసరి. సాక్షుల్లో, నిందితుల్లో చాలామంది ఇప్పుడు లేరు. కాబట్టి శిక్షల కంటే ఆ తీర్పును సరిదిద్దడమే ఈ విచారణ వల్ల జరిగే అవకాశం ఎక్కువ.